లేవనివ్వని పాట

ఉప్పుగూడ స్టేషన్‌కు పోయే సందు మొదట్లో సుగుణమ్మ చాయ్ బండి ఉంది. అక్కడ బాలకిషన్ ఉస్తాద్ నోరు తెరిచాడంటే పొయ్యి మీది పాలు కూడా పొంగడం ఆపి వింటాయని చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారు? ఉస్తాదే చెప్పుకుంటాడు.

అయితే ఉత్త మాటల మనిషి మాత్రం కాదు. నలభై ఏళ్లుగా మగ్గం పని చేస్తున్నాడు. చట్రానికి బిగించిన పట్టు గుడ్డ మీద ఆయన జరీతో కుట్టిన నెమళ్లు చాంద్రాయణగుట్ట నుంచి జల్‌పల్లి దాకా ఎందరు పెళ్లికూతుళ్ల వీపుల మీద వాలాయో లెక్క లేదు. కార్ఖానా గుమ్మం మీద బోర్డే రాయించుకున్నాడు, 'నెమలి ఉస్తాద్' అని. ఆ బోర్డు మీది నెమలికి కూడా ఆయనలాగే మెడ కొంచెం ఎక్కువ.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మింది. వాన పడదు, వెలుతురు రాదు. సందు మీద ఎవరో తడి దుప్పటి ఆరేసి మరిచిపోయినట్టుంది. సుజన తన చెల్లెల్ని మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి ఉస్తాద్ ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టింది. నందిని కూర్చుంది. కూర్చోబెట్టిన చోటే కూర్చుంది, పెట్టిన బొమ్మలా. పుస్తకం ఒళ్లో తెరిచింది. చెవుల్లో ఇయర్‌ఫోన్ల తెల్ల తీగలు అట్లాగే ఉన్నాయి.

"మామా, పద్దెనిమిది దినాలైంది నువ్వు దీనికి ఆ పాట ఇచ్చి," అంది సుజన. "ఇంక తొమ్మిది దినాలల్ల ఎంట్రెన్స్ ఉంది. ఇయ్యాల నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. ఆ పాట ముచ్చటంతా అబద్ధమని చెప్పు."

సంగతేమిటంటే, రైలు పట్టాల పక్కన ఒక్క గది ఇల్లు వాళ్లది. తండ్రి గోదాం కావలికి పోయి వచ్చి పగలు గురక పెట్టి పడుకుంటాడు. పక్కింటి టీవీ గోడలోంచి మాట్లాడుతుంది. కుళాయి దగ్గర కొట్లాట, పట్టాల మీద రైలు. ఆ మోతలో పిల్లకు చదువు మీద ధ్యాస కుదరడం లేదని తెలిసి ఉస్తాదే పిలిచి, ఎప్పటిదో పాత క్యాసెట్‌లోని సంగీతాన్ని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. "చెవులల్ల పెట్టుకుని చదువు బిడ్డా. దిమాక్ సూది మొనలెక్క అయితది. ఇంకెవ్వర్నీ విననియ్యకు, ఇద్దరు వింటే దాని బలం పోతది," అన్నాడు.

మొదటి మూడు రోజులు బాగానే చదివింది. ఆరో రోజు సుజన ఒకటి గమనించింది. పుస్తకంలో నూట పన్నెండో పేజీ. ఏడో రోజూ నూట పన్నెండే. పన్నెండో రోజూ అదే. పిలిస్తే తల తిప్పదు. అన్నం పళ్లెం ముందు పెడితే మెతుకులు ఎండిపోతాయి. భుజం పట్టి కుదిపితే మాత్రం ఒకే మాట: "ఇంకొంచెమే అక్కా." పిల్లకు ఏకాగ్రత రాలేదని ఎవరంటారు? వచ్చింది. దేని మీద వచ్చిందన్నదే ప్రశ్న.

నిన్న సుజన ఆ తీగలు లాగబోతే నందిని ఆమె చేతిని రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది. గోళ్లు దిగేదాకా పట్టుకుని, నెమ్మదిగా, నిద్రలో మాట్లాడినట్టు అంది. "ఉస్తాద్ మామ అబద్ధమంటేనే తీస్తా."

అందుకే ఈ బెంచీ. ఉస్తాద్ మాట వినడానికని నందిని ఒక చెవి తీగ మాత్రం జార్చింది. రెండోది ఉంచింది.

"అబద్ధమా?" అన్నాడు ఉస్తాద్. సాసర్ కింద పెట్టాడు. "నా నోట్లకెళ్లి అబద్ధం వచ్చుడు ఎన్నడన్న చూసినవా బిడ్డా? నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. కావాలంటే ఆగయ్యను అడుగు."

ఆగయ్య ఆటో నడుపుతాడు. రైలు దిగే సవారీల కోసం రోజూ ఇక్కడే ఆగుతాడు. "కాదు కాదు," అన్నాడు, "ఉస్తాద్‌కు గొప్పలు చెప్పుకునే తీరిక ఏడిది? అన్నీ నిజాలు చెప్పెవరకే పొద్దు గూకుతది."

"విను మరి. పదిహేడేండ్ల కిందటి ముచ్చట. పెండ్లి జాకెట్ ఒకటి వచ్చింది. నాలుగు దినాల పని, చేతిల రెండే దినాలు. కార్ఖానల మగ్గం చుట్టు ఆరుగురం కూసున్నం, ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. బయట బారాత్ బ్యాండు, బోరింగ్ కాడ లొల్లి, ఒక్కని సూది గూడ సీదా పడ్తలేదు. జుమ్మేరాత్ బజార్ల తెచ్చిన టేప్‌రికార్డర్ ఉండె నా కాడ. క్యాసెట్ ఏసి బటన్ ఒత్తిన. పాట వస్తది అనుకున్న. రాలే. మరి ఏమొచ్చిందో ఎర్కేనా? టిక్, టిక్, టిక్ అని ఒకటే చప్పుడు. దాని ఎనుక ఊఁ... ఊఁ... అని కూనిరాగం. మాటల్లేవ్, మద్దెల లేదు, మొదలు లేదు, ఆఖరు లేదు. ఇదేంది దరిద్రం అని బంద్ చేద్దామని చెయ్యి లేపిన. లేపిన చెయ్యి బటన్ కాడికి పోలే, సూది మీదనే పడ్డది. పని పొద్దుగూకే వరకు అయిపోయింది. గంతే. దీంట్ల గొప్పేమున్నది?"

"ఇంత వరకు నమ్మొచ్చు ఉస్తాద్," అంది సుగుణమ్మ, గంటెతో చాయ్ తిప్పుతూ. "ఈడనే ఆపితే నీకు మర్యాద."

"ఆపుడేంది సుగుణా, ఇంకా షురూనే కాలే! తెల్లారి మల్ల పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆరు సూదులు ఒక్కపారి లేస్తున్నయ్, ఒక్కపారి దిగుతున్నయ్. ఆరు చేతులు గాని చప్పుడు ఒక్కటే. జర సేపటికి ఊపిరి గూడ ఆరుగురిది ఒక్కపారే. ఒకడు దగ్గితే ఆరుగురికి గొంతు మండింది. ఒకనికి సూది గుచ్చుకుంటే ఆరు వేళ్లకెళ్లి నెత్తురు వచ్చింది. కండ్లు మూసుడు మర్చిపోయినం. ఈ సుగుణమ్మనే చాయ్ పంపింది. ఎవరు తాగాలె? చాయ్ మీద మీగడ కట్టింది. ఒక పొర, రెండు పొరలు, ఏడు పొరలు. ఏడో పొర మీద ఈగ వాలి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడ్సుకుంట పోయింది, కాలు తడవలే."

ఆగయ్య నవ్వాడు. సుజన నవ్వలేదు. కాలేజీలో నాలుగేళ్లు వాదనల పోటీల్లో నెగ్గిన పిల్ల ఆమె. అవతలివాడు చిన్న అబద్ధం ఆడినప్పుడు అడ్డు పడకూడదు. పోనివ్వాలి. మెట్టు మీద మెట్టు ఎక్కనివ్వాలి. వెనక్కు దిగడానికి మెట్లు లేనంత ఎత్తుకు పోయాక అప్పుడు ఒక్క ప్రశ్న అడగాలి. ఉస్తాద్ ఎక్కుతున్నాడు. ఎక్కనీ అనుకుంది.

కానీ ఆమె చూపు ఒకచోట చిక్కుకుంది. నందిని చూపుడు వేలు నూట పన్నెండో పేజీ అంచు మీద కదులుతోంది. ఒక తాటింపు. ఒక తాటింపు. ఒక తాటింపు.

"ఆ మీద పావురాల కథ," అన్నాడు ఉస్తాద్. గొంతు తగ్గించాడు, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడుతున్నట్టు. "మా రేకుల మీద ఎప్పుడు చూసినా వంద పావురాలు గుర్రు గుర్రుమంటయ్. ఆ దినం గుర్రు లేదు. ఏందని బయటికొచ్చి చూసిన. అన్నీ ఒక్కటే వరుస. ముక్కులన్నీ గోడ దిక్కు. ఎదురుగ గింజలు చల్లినా ఒక్కటి మెడ తిప్పలే. గప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, బల్బు ఆరింది. పాట ఆగలే! ఇంతల రైలు వచ్చింది. వచ్చి ఆగింది."

"స్టేషన్‌ల ఆగుతది గద ఉస్తాద్," అన్నాడు ఆగయ్య.

"ఆగుతది, మల్ల కదులుతది గదా. ఇది కదల్లే. ఇంజన్‌ల డ్రైవర్ తలకాయ బయటికి పెట్టి మా కార్ఖాన దిక్కే చూస్తుండు. పెట్టెలల్ల కిటికీకి ఒక తలకాయ, అన్నీ ఇటు దిక్కే. దిగేటోడు దిగడు, ఎక్కేటోడు ఎక్కడు. ప్లాట్‌ఫారం మీద ఒక తల్లి చేతిల సంటిపిల్ల ఏడుస్తున్నట్టు నోరు తెరిచింది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, ఏడుపు రాలే."

"ఓయబ్బో," అంది సుగుణమ్మ. "ఇరవై ఏండ్లైంది నేను ఈ బండి పెట్టి. రైలు గంత సేపు ఆగితే నాకెందుకు కనపడలే?"

ఉస్తాద్ ఆమె వైపు తిరిగి, ఏదో జాలి పడుతున్నట్టు చూశాడు. "నువ్వు గూడ ఆగిపోయినవ్ గదనే సుగుణా. నీకెట్ల ఎర్క ఉంటది?"

 సుగుణమ్మ గంటె తిప్పుతూనే ఉంది గానీ, గంటె గిన్నె అంచుకు తగులుతున్న చప్పుడు సుజనకు అప్పుడు వినిపించింది. టిక్. టిక్. టిక్. ఆగయ్య చెప్పు నేలకు తాకుతోంది. టిక్. నందిని వేలు పేజీని తాకుతోంది. మూడూ ఒక్కసారే. సుజన తన పాదం వైపు చూసుకుంది. అది కూడా.

కాలు నొక్కిపట్టి కూర్చుంది.

"నాకు భయమైంది," అన్నాడు ఉస్తాద్. "ఉస్తాద్‌కు భయమా అనకు. అయింది. పోయి క్యాసెట్ తీసిన. తీసి ఈ అరచేతిల పెట్టుకున్న. ఇట్ల. ఇక్కడ. టేప్‌రికార్డర్ మూత తెరిచి ఉంది, లోపల ఏం లేదు, ఉత్త బొక్క. పాట మాత్రం వస్తనే ఉంది. ఊఁ... ఊఁ... అని, గట్లనే. అరేయ్, ఆ తర్వాత ఏమైందో..."

ఎర్కేనా అని ఆయన అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. ఆగయ్య ముందుకు వంగాడు. స్టేషన్ వైపు ఏదో రైలు వచ్చి ఆగిన చప్పుడైంది, ఆగయ్య లేవలేదు. ఇద్దరు మనుషులు సంచులతో ఆటో దగ్గర నిలబడి చూసి పోయారు.

"జరీ అయిపోయింది. దారం అయిపోయింది. అయినా ఆరుగురి సూదులు ఆగలే. దారం లేని సూదులు బట్టల దిగుతున్నయ్, లేస్తున్నయ్. ఉత్త పొక్కలు. వేల పొక్కలు. ఆఖరికి నేను ఆ బట్ట తీసి కిటికీ కాడ వెలుగుకు అడ్డం పెట్టిన. పొక్కలల్లకెళ్లి వెలుగు చుక్కలు చుక్కలు వచ్చింది. చుక్కలన్నీ కలిస్తే బొమ్మ అయింది. ఆరు మొకాలు. మావే. కండ్లు మూసుకుని ఉన్నయ్."

"ఆరేనా?" అన్నాడు ఆగయ్య.

"ఏడు." ఉస్తాద్ వేలెత్తాడు. "మూలకు, కింద, ఏడోది. చిన్నపిల్ల. రెండు జడలు. ఎవరో అప్పుడు తెల్వలే. ఈ పాట ఇంక ఎవరు వింటరో ఆ పిల్ల బొమ్మ ముందే పడ్డదని ఇప్పుడు తెలిసింది." ఆ వేలు మెల్లగా దిగి నందిని వైపు ఆగింది. "ఈ బిడ్డనే."

నందిని తల ఎత్తింది. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి ఎత్తింది. ఉస్తాద్‌ను చూసి నవ్వింది. ఎన్నాళ్లుగానో పిలుపు కోసం చూస్తున్నవాళ్లు పిలుపు వచ్చాక నవ్వే నవ్వు. 

సుజన దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటి సిద్ధంగానే ఉంది. ఆ బట్ట ఏది, చూపించు అని. దానికి ఉస్తాద్ గాలికి కొట్టుకుపోయిందంటాడు, లేదా మంట పుట్టి కాలిపోయిందంటాడు. అన్నీ తెలిసిన జవాబులే. కానీ ఆమె నోట్లోంచి ఆ ప్రశ్న రాలేదు.

"జడలకు రిబ్బన్లు ఉన్నయా మామా?"

"ఉన్నయ్," అన్నాడు ఉస్తాద్ ఊపులో. "ఒకటే. ఒక జడకే ఉంది, రెండో జడ ఉత్తగ ఉంది."

"చేతిల ఏమన్న పట్టుకున్నదా?"

"కాగితం అంచు పట్టుకున్నది. ఇట్ల, రెండు చేతుల్తోని, కదలకుండ." చూపించాడు కూడా. మునివేళ్లు దగ్గర పెట్టి, మోచేతులు పైకెత్తి.

సుజన ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. అబద్ధం ఆడేవాడికి ఒక ఇబ్బంది ఉంది. ఏదీ సున్నా నుంచి పుట్టించలేడు. ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. రైలు స్టేషన్ నుంచి తెచ్చాడు, పావురాలు రేకుల మీది నుంచి తెచ్చాడు. మరి ఈ పిల్లను ఎక్కడినుంచి తెచ్చాడు?

నందినికి రిబ్బన్లు కట్టే అలవాటే లేదు.

సుజన చెయ్యి చాచి, చెల్లెలి మెడ మీద వేలాడుతున్న తీగను తీసుకుని తన చెవిలో పెట్టుకుంది. నందిని ఉలిక్కిపడింది గానీ ఆపలేదు. ఒక తీగ ఆమెకు, ఒక తీగ ఈమెకు.

టిక్, టిక్, టిక్.

మొదట అంతే. తర్వాత ఊఁ అని కూనిరాగం, అందులోనే ఊపిరి తీసుకోవడానికి ఒక చిన్న ఆగుడు. మళ్లీ టిక్, టిక్. అది గడియారం కాదు, తాళం కాదు. గుండుసూది కాగితంలో దిగుతున్న చప్పుడు. సుజన కళ్ల ముందు కిరోసిన్ వాసన లేచింది. వాసన కళ్ల ముందు లేస్తుందా అంటే, లేచింది.

మగ్గం మీద కుట్టే ముందు బొమ్మ పడాలి కదా. పల్చటి కాగితం మీద నెమలి గీస్తారు. గీత పొడుగునా గుండుసూదితో దగ్గర దగ్గరగా పొక్కలు పొడుస్తారు. దాన్ని ఖాకా అంటారు. ఆ కాగితం పట్టు మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడి గుడ్డతో రుద్దితే, పొక్కల్లోంచి చుక్కలు దిగి కింద నెమలి పడుతుంది. ఆ చుక్కల మీద మగవాళ్లు జరీ కుట్టి ఉస్తాద్‌లవుతారు. ఆ కాగితం ఎవరు పొడిచారని పెళ్లికూతురు అడగదు.

పొడిచింది రాజమణి. సుజనకూ నందినికీ తల్లి. ఉస్తాద్ కార్ఖానాలోనే, వెనక, పరదా కట్టిన మూలలో కూర్చుని పొడిచేది. కాగితం కదలకుండా ఏడేళ్ల సుజన అంచు పట్టుకునేది. మోచేతులు పైకెత్తి, రెండు చేతులతో. సూది మొన బాగుందో లేదో చూసుకోవడానికి రాజమణి ప్రతి ఖాకా మూలన ముందు ఒక చిన్న బొమ్మ పొడిచేది. రెండు జడల పిల్ల. ఎప్పుడూ ఒక రిబ్బన్ పారేసుకుని వచ్చే పిల్ల. నందినికి రెండేళ్లు నిండకముందే రాజమణి పోయింది, ఆ చెయ్యి ఆగిపోయింది.

చెవిలో కూనిరాగం ఆగింది. ఒక చిన్న దగ్గు. తర్వాత, పక్కనే కూర్చుని అన్నంత దగ్గరగా, ఒక ఆడగొంతు.

'లెవ్వకు బిడ్డా. ఇంకొంచెమే.'

మళ్లీ టిక్, టిక్, టిక్.

"విన్నవా అక్కా?" నందిని గుసగుసలాడింది. కళ్లు మెరుస్తున్నాయి. "ప్రతిసారి అంటది. లెవ్వకు అంటది. మల్ల నేనెట్ల లేస్తా?"

సుజన తీగ తీసి లేచి నిలబడింది. లేవడానికి ఎక్కువ బలం కావలసివచ్చింది.

"మామా. కరెంటు పోయినా పాట ఆగలే అన్నవ్ గదా. నాలుగు బ్యాటరీ సెల్లులు ఏసి ఉండె దాంట్ల. నేనే కొట్టుకు పోయి తెచ్చిన."

ఆగయ్య కాలు ఆగింది.

"క్యాసెట్‌ల పాట రాలే అన్నవ్. ఎట్లొస్తది? ముందు దినం నల్ల బటన్‌తోని రికార్డు అయ్యే ఎర్ర బటన్ గూడ ఒత్తినవ్. పాట పోయి గదిల చప్పుడంతా ఎక్కింది. ఇగ క్యాసెట్ తీసి చేతిల పెట్టుకున్నా పాట ఆగలే అన్నవ్ చూడు, నీ కథల గదొక్కటే నిజం మామా. ఆగలే. ఎందుకాగుతది? పరదా ఎనుక మా అమ్మ కూసోని ఉండె."

ఉస్తాద్ చేతులు ఇంకా కాగితం అంచు పట్టుకున్నట్టే గాలిలో ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూశాడు.

"బట్టల పొక్కలు పడి, వెలుగుకు పెడితే బొమ్మ కనపడ్డదన్నవ్. ఈ బస్తీల ఎవర్ని అడిగినా చెప్తరు దాన్ని ఖాకా అంటరని. ఆరుగురు మొగోళ్లు దారం లేని సూదుల్తోని పొడవలే దాన్ని. ఒక్క ఆడిది ఒక్క గుండుసూదితోని పొడిచింది. ఆ మూలకున్న పిల్ల నందిని కాదు, నేను. ఆ మూలను కత్తెరతోని కత్తిరించి అవతల పడేసి, మిగిలిన నెమలి తీస్కపోయి సేట్లకు చూపెట్టేటోనివి. కత్తిరించిన ముక్కలు ఏరుకుని ఆడుకున్న నాకు ఎర్క ఉండదా? పదిహేడేండ్లు ఆ బోర్డు మీద మెడ లేపుకుని నిలబడ్డ నెమలి ఎవరిది మామా?"

 సుగుణమ్మ మెల్లగా అంది, "మరి రైలు?"

"రైలు ఆగింది అత్తా. ఉప్పుగూడ స్టేషన్‌ల ఆగకుంటే రైలు ఇంకేడ ఆగుతది?"

ఆగయ్యకు నవ్వు తన్నుకొచ్చింది, వచ్చి గొంతులోనే ఆగిపోయింది. ఉస్తాద్ మెడ చూస్తే నవ్వేటట్టు లేదు. ఎప్పుడూ నిక్కి ఉండే మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఆ బెంచీ మీద ఒక ముసలి మగ్గం పనివాడు మాత్రం మిగిలాడు, కళ్ల కింద జరీ పొడి మెరుస్తూ.

"అబద్ధం బిడ్డా," అన్నాడు నందినితో. "అంతా అబద్ధం. ఆ గొంతు మీకు చేరాలెనని... పిల్లకు యాది లేదు గదా తల్లి గొంతు. ఇది మీ అమ్మదని ఇద్దామనే పిలిచిన. అట్లంటే మిగిలినవి గూడ చెప్పాలె. నోరు రాలే. వేరే ముచ్చట వచ్చింది."

ఇదిగో, సుజన కోరివచ్చిన మాట. ఆయన నోటితోనే, నలుగురి ముందే వచ్చింది. తీసెయ్ ఇంక, అన్నట్టు ఆమె చెల్లెలి వైపు తిరిగింది.

నందిని తీసెయ్యలేదు. జారిన తీగను కూడా ఎత్తి రెండో చెవిలో పెట్టుకుంది. అరచేతులతో చెవులు మూసుకుంది, ఒక్క చుక్క కూడా బయటకు పోకుండా.

"అమ్మనా?" అంది. "అయితే అమ్మనే గదక్కా లెవ్వద్దంటుంది."

 సుజన అబద్ధాన్ని ఓడించింది. ఓడించి, దానికంటే గట్టి గొలుసు తనే చెల్లెలి మెడలో వేసింది. ఇంతవరకు పిల్ల విన్నది ఒక వింత పాట. ఇప్పుడు తల్లి. ఏ వాదనతో తల్లిని ఓడించాలి? నందిని వేలు మళ్లీ మొదలైంది. నూట పన్నెండో పేజీ అంచు ఆ తాటింపులకు నలిగి గుండ్రంగా అయిపోయింది. మబ్బు ఇంకా కిందికి దిగింది. సుగుణమ్మ పొయ్యి మంట ఒక్కటే సందులో వెలుగు.

అమ్మ గొంతు క్యాసెట్‌లోకి ఎక్కింది అంతవరకే. ఒక వైపు నిండి, బటన్ దానంతటదే లేచి ఉంటుంది. కానీ పదిహేడేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం అక్కడితో అయిపోలేదు. సుజన అక్కడ ఉంది. టేపు నిండిన తర్వాత కూడా అంచు పట్టుకునే కూర్చుంది. చివరి పొక్క పడ్డాక ఏమయ్యేది? సుజన కళ్లు మూసుకుంది. అమ్మ కాగితం ఎత్తి కిటికీ వెలుగుకు పెట్టేది. దాని మీది నూగు ఉఫ్‌మని ఊదేది. ఆ ఊదిన గాలి తన ముఖానికి తగిలేది. ఆ తర్వాత ఒక మాట అనేది. ప్రతిసారీ, ప్రతి నెమలికీ అదే మాట.

చెల్లెలి ముందు నేల మీద కూర్చుంది సుజన. నందిని అరచేతుల్ని చెవుల మీది నుంచి విడదీయలేదు. ఆ చేతుల మీదే తన చేతులు పెట్టి, ముఖం దగ్గరగా తెచ్చి, పిల్ల నుదుటి మీద ఉఫ్‌మని మెల్లగా ఊదింది. ముంగురులు లేచి పడ్డాయి.

నందిని వేలు ఆగింది.

"అయిపోయింది బిడ్డా," అంది సుజన. ఆ గొంతు తనది కాదన్నట్టు ఆమెకే వినిపించింది. ఆ దగ్గు తర్వాతి బొంగురు, ఆ చివర మెత్తదనం, ఎక్కడ దాగి ఉన్నాయో ఇన్నాళ్లూ. "అయిపోయింది. ఇగ లే. కాళ్లు తిమ్మిరెక్కుతయ్."

సుగుణమ్మ చేతిలోంచి గంటె గిన్నెలో జారింది. రాజమణి చాయ్ తాగి పోయిన బండి అది. ఆమె గొంతు సుగుణమ్మకు కొత్త కాదు.

నందిని చాలాసేపు అక్క ముఖంలోకి చూసింది. తర్వాత చెవుల మీది చేతులు దించింది. ఒక తీగ తీసింది. రెండోది తీసింది. పుస్తకం మూసి, బెంచీ పట్టుకుని లేచింది. కాళ్లు నిజంగానే తిమ్మిరెక్కి ఉన్నాయి. ఒక్క అడుగు వేసి తూలి, అక్క భుజం మీద పడి, అక్కడే, అంత పెద్ద పిల్ల, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని అంది. "ఆకలైతుందక్కా."

సుజన ఫోను బెంచీ మీది నుంచి తీసింది. తీగల్లోంచి సన్నగా చప్పుడు ఇంకా వస్తోంది. ఆపబోయింది. ఆపలేదు. తీగలు తీసుకెళ్లి ఉస్తాద్ అరచేతిలో పెట్టింది, పదిహేడేళ్ల కింద క్యాసెట్ పెట్టుకున్నానని ఆయన చూపించిన అదే అరచేతిలో.

"విను మామా. ఈసారి ఎవరి గొంతో ఎర్క ఉండి విను. ఫోను రేపొచ్చి తీస్కపోతా. గా లోపల బోర్డు మీద ఇంకో పేరు రాయించు."

అక్కాచెల్లెళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని సందు మలుపు దాకా నడిచారు. అక్కడ సుజన వెనక్కి తిరిగి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

ఆగయ్య ఆటో ఎక్కి కూర్చున్నాడు గానీ బండి తీయలేదు, తల ఉస్తాద్ వైపు వంచి ఉంది. సుగుణమ్మ పొయ్యి దగ్గర అట్లాగే నిలబడింది. ఉస్తాద్ రెండు చెవుల్లో తీగలు పెట్టుకుని వంగి కూర్చున్నాడు. రెండు చేతులూ మోచేతులు పైకెత్తి, గాలిలో ఏదో అంచు కదలకుండా పట్టుకున్నట్టు ఉన్నాయి. ఆయన ముందు సాసర్లో చాయ్ మీద మీగడ కట్టింది. ఒక పొర.

"ఉస్తాద్," అని సుగుణమ్మ పిలవడం వినిపించింది. "చాయ్ చల్లారిపాయె. ఇంటికి పో ఇగ."

ఉస్తాద్ తల ఎత్తలేదు.

"ఇంకొంచెమే," అన్నాడు.